రెండో టేకు, ఏడో టేకు

ఉండండి, పేజీ తిప్పకండి, కాసేపు చెవి ఇటు పెట్టండి. పులివెందుల నుంచి జమ్మలమడుగు పోయే పదీ నలభై బస్సు, ఎడమ వైపు నాలుగో సీటు, కిటికీ పక్కన ఒక మనిషి, అతని తొడల మీద పది వేళ్లు. వినపడుతోందా? ఇంజను గుర్రు కింద, అద్దాల గలగల కింద, టక్, టక టక్, టక టక్. అది ఇక్బాల్. నలభై ఏడేళ్లు, సగం నెరిసిన గడ్డం, కాళ్ల మధ్య గుడ్డ సంచిలో ఒక స్నేర్ డ్రమ్ము, చొక్కా జేబులో ఫోను, ఫోనులో రెండు వీడియోలు. మధ్యాహ్నం పన్నెండు లోపల వాటిలో ఒకటి చెన్నైలో ఉన్న సంగీతం కాలేజీకి పోవాలి. ఒకటే. రెండోదానికి జాగా లేదు, ఒకసారి పంపితే మార్చుకునే వీలు లేదు. ఏది పోతుందన్నదాని మీద సాజియా అనే పదహారేళ్ల పిల్లకు డ్రమ్ముల సీటు, ఉచితంగా హాస్టలు, నాలుగేళ్ల చదువు, అన్నిటికంటే ముందు ఇకమీదట ఆ పిల్ల చేతుల్లో స్టిక్కులు ఉంటాయా ఉండవా అన్నది, అన్నీ ఆధారపడి ఉన్నాయి. ఇప్పుడు టైము పదీ యాభై రెండు. అతనికి నిన్న సాయంత్రం నుంచి టైము ఉంది, రాత్రంతా ఉంది, పొద్దున ఉంది, ఇంకా పంపలేదు, వేళ్లు మాత్రం ఆగట్లేదు, టక్, టక టక్.

"ఏందప్పా, ఆ చేతులు కుదురుగా పెట్టుకోలేవా? నా సంచి గూడా ఎగుర్తాంది," అంది పక్క సీటావిడ. ఒళ్లో చీనీకాయల సంచి. బస్సు ఎక్కినప్పుడు కండక్టరు ఆమెను గురవమ్మా అని పేరు పెట్టి పిలిచాడు కాబట్టి పేరు గురవమ్మ అని ఇక్బాల్‌కు తెలుసు, ముద్దనూరులో దిగుతుందని కూడా తెలుసు, అంతకంటే తెలియదు. తప్పైందమ్మా అన్నాడు. ముందు సీటు కమ్మీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. పది సెకన్లు. చెప్పులో కాలి బొటనవేలు మొదలుపెట్టింది.

పొద్దున పులివెందుల స్కూల్లో క్లాసు అయ్యాక స్టాఫ్ రూములో కూర్చుని కాలేజీ పేజీ తెరిచాడు, పేరు నింపాడు, పుట్టిన తేదీ నింపాడు, వీడియో ఎంచుకోండి అన్న చోట వేలు ఆగిపోయింది, లోపలికి ఎవరో వస్తే ఫోను బోర్లించాడు, తప్పు పని చేస్తూ దొరికిపోయినవాడిలాగా. ముప్పై ఏడు మంది పిల్లలు ఆ క్లాసులో, పన్నెండు ప్యాడ్లు, ఒక్కో ప్యాడ్ మీద ముగ్గురు, అందరికీ సినిమా పాటల దరువే కావాలి, సార్ ఆ హీరో ఎంట్రీ కొట్టండి సార్, సార్ అది కాదు సార్ ఇది. సోమ, మంగళవారాలు ప్రొద్దుటూరు, బుధవారం జమ్మలమడుగు, గురువారం పొద్దున పులివెందుల, మధ్యాహ్నం మళ్లీ జమ్మలమడుగు. స్కూలు బోర్డు మీద పర్కషన్ టీచర్ అని రాశారు, పిల్లలకు అది నోరు తిరగక డబ్బాల సార్ అయ్యాడు. తల్లిదండ్రులు అడుగుతారు, మీరు ఏం వాయించేవాళ్లు సార్ మునుపు? జాజ్, అంటాడు. ఓ, అంటారు, తల ఊపుతారు, అక్కడితో ఆ సంభాషణ అయిపోతుంది. చెప్పడం కష్టం ఏమీ కాదు నిజానికి. పాట ఎటు పోతుందో వాయించేవాళ్లకు కూడా ముందు తెలియదు, డ్రమ్మరు నేల పరుస్తూ పోవాలి, వాళ్లు నడుస్తూ పోతారు, అంతే, కుడి చేతి కింద పళ్లెంలాంటి పెద్ద ఇత్తడి సింబల్ టింగ్, టింగ టింగ్, టింగ టింగ్, ఆ సింబలే నేల. ఆ నేలను సరిగ్గా ఎక్కడ పరుస్తావన్నదే మొత్తం సంగతి. దరువు మీదనా, దరువుకు వెంట్రుకవాసి వెనకనా. ఆ వెంట్రుకవాసి గురించే ఇప్పుడు బస్సులో ఇతనికి ఊపిరి ఆడట్లేదు.

నిన్న జమ్మలమడుగులో కమాల్ బాషా పరుపుల అంగడి వెనక గది. సాజియా వాళ్ల నాయన కమాల్ బాషా. ముందు అంగడి, మధ్యలో దూది ఏకే మిషను, వెనక గదిలో నిలువెత్తున పేర్చిన పరుపులు, వాటి మధ్య ఇక్బాల్ తన డ్రమ్ము సెట్టు పెట్టుకున్నాడు, రెండేళ్లుగా. ఊర్లో ఇంకెక్కడ పెట్టినా పక్కింటివాళ్లు తిట్టారు, పరుపులు మాత్రం శబ్దాన్ని మింగేస్తాయి, ఎంత కొట్టినా వీధిలోకి ఒక్క చప్పుడు పోదు. అద్దె వద్దన్నాడు కమాల్ బాషా, బదులుగా పిల్లకు నేర్పించప్పా అన్నాడు. మూడింటికి రికార్డింగు మొదలుపెట్టారు. కాలేజీవాళ్లు ఇచ్చిన పీసు మూడు నిమిషాలు, పక్కన స్పీకరులో క్లిక్ మోగుతూ ఉండాలి, టిక్ టిక్ టిక్, దానితో కలిసి వాయించాలి, మధ్యలో కట్ చేయకూడదు. మొదటి టేకులో స్టిక్కు జారింది. రెండో టేకు శుద్ధంగా వచ్చింది. ఒక్క దెబ్బ అటూ ఇటూ లేదు, ఇంకెవరైనా అయితే అక్కడితో సర్దేసుకుని టీ తాగేవాళ్లు. ఇక్బాల్ ఇంకొక్కటి అన్నాడు. ఎందుకన్నాడు? మూడు, నాలుగు, అయిదు. కమాల్ బాషా తలుపు దగ్గరికొచ్చి, "రెండోది బాగనే ఉండె గదప్పా, పాపకు చేతులా, చక్రాలా?" అన్నాడు. ఇంకొక్కటి. ఆరు. ఇంకొక్కటి. ఏడో టేకు మొదలై నలభై సెకన్లు కాగానే కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. మధ్య గదిలో మిషను మూలిగి ఆగింది. స్పీకరు ఆగింది, క్లిక్ ఆగింది. లైటు పోయి, పరుపుల పైన చిన్న కిటికీలోంచి వచ్చే వెలుతురు ఒక్కటి మిగిలింది. పిల్ల ఆగలేదు. ఇక్బాల్ చేయెత్తి ఆపమని చెప్పబోయాడు, చేయి సగంలో ఉండిపోయింది, ఎందుకంటే అయిదారు దెబ్బలయ్యాక, తోడు నడిచేది పక్కన లేదని చేతులకు తెలిసిపోయాక, ఆ కుడి చేయి మెల్లగా వెనక్కి జరిగింది. తప్పిపోలేదు, జరిగింది. టింగ్, కాస్త ఆగి, టింగ టింగ్, కాస్త ఆగి. ప్రతి దెబ్బా పడాల్సిన చోటుకు వెంట్రుకవాసి అవతల, ఎప్పుడూ అంతే దూరంలో, ఒక్కసారి కూడా ఎక్కువా తక్కువా కాకుండా. గదిలో గాలి బరువెక్కింది.  రెండు నిమిషాల ఇరవై సెకన్లు అలా వాయించి పిల్ల ఆపేసింది, అప్పుడు మధ్య గదిలోంచి వాళ్ల జేజి, కమాల్ బాషా అమ్మ, మాబున్ని గొంతు, "ఏమే, ఎందుకు ఆపితివి, కొట్టు కొట్టు, పని సాగుతాంది నాకు." మాబున్ని పాత పరుపుల దూదిని ఇప్పటికీ రెండు సన్నకట్టెలతో కొట్టి పొంగిస్తుంది, మిషను ఉన్నా సరే, మిషను దూదిని చంపేస్తుందంటుంది. వీడియోలో ఆ మాట కూడా పడింది. ఇక్బాల్ ఫోను ఆపడం మర్చిపోయి అట్లాగే నిలబడ్డాడు, తర్వాత ఒక నిమిషం పాటు వీడియోలో ఖాళీ స్టూలు, చీకటి పరుపులు.

ఆ వెంట్రుకవాసి దూరం అతనికి తెలుసు. ప్రొద్దుటూరులో, వీధిలోకి తలుపు తెరిచి ఉండే ఇంటి ముందు గదిలో, ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చునే జేజినాయన, తన నాయనకు నాయన, హుసేనప్ప దగ్గర తెలుసుకున్నదే. మనిషంత విల్లు పైనుంచి తాడుతో వేలాడేది, దాని తీగ దూది కుప్పలో ఆనేది, జేజినాయన కొయ్యతో ఆ తీగను కొట్టేవాడు, టొంయ్, దూది లేచేది, తీగ వణికేది, ఆ వణుకు దూదిలోకి పూర్తిగా దిగేదాకా ఆగేవాడు, దిగాక మళ్లీ, టొంయ్. తొందరపడి కొడితే తీగకు దూది చుట్టుకుంటుంది, పని చెడుతుంది. మరీ ఆలస్యం చేస్తే లేచిన దూది కూర్చుండిపోతుంది. ఆ రెంటికీ నడుమ ఒకే ఒక్క చోటు. ఎవరూ లెక్క చెప్పలేదు, ఒకటీ రెండూ అనలేదు, కానీ రోజుకు తొమ్మిది గంటలు ఆ చోటు తప్పకుండా కొట్టేవాడు, ఇక్బాల్ ఆ చప్పుడులో నిద్రపోయేవాడు, ఆ చప్పుడులో ఎక్కాలు చదివేవాడు. దూదేకులవాళ్ల ఇళ్లలో పిల్లలకు అది గుండె చప్పుడు పక్కన ఇంకో చప్పుడు. ఆరో తరగతిలో ఒకడు ఇక్బాల్ క్లాసులోకి రాగానే నోటితో టొంయ్ టొంయ్ అన్నాడు. అందరూ నవ్వారు. మరుసటి రోజు నలుగురు అన్నారు. ఏడాదంతా అన్నారు. ఇంటికొచ్చి జేజినాయన కొట్టేటప్పుడు చెవులు మూసుకునేవాడు, ముసలాయన చూసేవాడు, ఏమీ అడిగేవాడు కాదు, ఒక రోజు మాత్రం, "నీకు పనికిరాని చప్పుడు లేరా ఇది," అన్నాడు. కోపంగా అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుతుంది, కోపంగా అని ఉంటే పోయేది.

ఫోను మోగింది. కమాల్ బాషా.

"పంపితివా అప్పా?"

"పంపినా," అన్నాడు ఇక్బాల్. నోరు ముందే తయారుగా ఉంది ఆ మాటకు.

"రెండోదే గదా? కరెంటు పోయిందాన్ని పంపేవు, నీకేమో దాని మీదనే కన్నుండాది, నేను చూస్తాంటి నిన్న."

"ఆ, రెండోదే."

"మరి నా ఫోనుకు మెసేజ్ రాల్యా ఇంకా. వస్తాదన్యారు గదా?"

"వస్తాది లేప్పా. అందరూ ఒకేసారి పంపుతాంటారు, నిదానంగా వస్తాది."

"చూడప్పా, నేను పీడించాలని గాదు," అన్నాడు కమాల్ బాషా, వెనక మిషను చప్పుడు, దాని మీదుగా అరిచినట్టు మాట్లాడుతున్నాడు. "వాళ్లమ్మ కువైట్‌లో ఇంకొకరి పిల్లోల్లకు అన్నం పెడతాంది. నా పిల్ల ఈడ దూది మింగుతాంది, రాత్రిపూట దగ్గుతాంది, నువ్వే వింటివి. ఇది యాడికన్నా పోవాల. సీటొచ్చిందా, నెత్తిన పెట్టుకుంటా నీ డబ్బాల్ని. రాల్యా, ఆ జాగాలో ఇంకో మిషను పెడతా, పాప దాని ముందర కూచుంటాది. నాకు వేరే దారి ల్యా."

పెట్టేశాడు. తొండూరు దాటింది బస్సు, సిగ్నలు పోయింది, కిటికీ బయట అరటి తోటలు అయిపోయి ఎర్ర నేల, రాళ్లు, దూరంగా తిరగని ఒక గాలిమర. పదకొండూ పద్నాలుగు.

"అబద్ధం చెప్తాండావే," అంది గురవమ్మ, చీనీకాయ వలుస్తూ, తప్పుపట్టినట్టు కాకుండా, వాన వచ్చేట్టుందే అన్నట్టు.

ఇక్బాల్ చేతులు మళ్లీ మొదలుపెట్టాయి, ఆమె సంచి జరుపుకుంది. అబద్ధం. ఇది మొదటిది కాదు కదా. పందొమ్మిదేళ్లప్పుడు ప్రొద్దుటూరు పెండ్లి బ్యాండులో వాయించేవాడు, అప్పుడే బెంగళూరుకు ఒక ఆర్కెస్ట్రాతో పోయాడు, ఒక హోటల్లో వెనక వాకిలి దగ్గర బిర్యానీ పొట్లం తింటుంటే లోపల్నుంచి ఆ టింగ్ టింగ టింగ్ వినిపించింది, పొట్లం పట్టుకునే లోపలికి పోయాడు, డ్రమ్ముల వెనక తెల్ల చొక్కా వేసుకున్న ముసలాయన, డెరిక్ అంకుల్. బయటికి తోసేస్తే మళ్లీ వచ్చాడు, మళ్లీ తోసేస్తే మళ్లీ వచ్చాడు, చివరికి ముసలాయన నవ్వి, రేపు ఇంటికి రా అన్నాడు. ఒక్క గది ఇల్లు, ఒక్క సింబల్, మూడు నెలలు అదొక్కటే. ఒక సాయంత్రం ఇక్బాల్ వాయిస్తుంటే డెరిక్ అంకుల్ కాఫీ కప్పు కింద పెట్టి, ఉండు, అన్నాడు, ఆపకు, వాయించు, ఈ ఆలస్యం నీకు ఎక్కడిది, నేను నేర్పలేదు ఇది, నాకే పదేళ్లు పట్టింది, ఎవరి దగ్గర నేర్చుకున్నావ్? ఇక్బాల్ నోటిదాకా వచ్చింది, మా జేజినాయన, విల్లు, దూది. ఆ వెంటే ఆరో తరగతి వచ్చింది. క్యాసెట్లు విని, అన్నాడు. అంకుల్ నమ్మాడు. ఇంకే క్యాసెట్లు అని అడిగితే ఏవో పేర్లు చెప్పాడు. ఆ గదిలో ఒక్కమాట నిజం చెప్పి ఉంటే తన బతుకు ఇంకోలా ఉండేదా? ఉండేది కాదేమో. బతుకులు ఒక్క మాటకు మారతాయా? కానీ ఆ తర్వాత చెన్నైలో స్టూడియోకు పిలిపించినప్పుడు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి క్లిక్ వదిలినప్పుడు, నాలుగుసార్లు వాయించాక అద్దం అవతల్నుంచి ఒక కుర్రాడు, లేటవుతున్నారు అన్నా, మిషనుతో కలవట్లేదు, అన్నప్పుడు, కలవకపోవడం నాది అని చెప్పుకోవడానికి దానికొక పేరు ఉండాలి కదా నోట్లో. లేదు. సారీ అన్నాడు. బస్సు చార్జీ ఇచ్చి పంపారు.

అప్పుడు కొన్నాడు మెట్రోనోము, ఆ క్లిక్ కొట్టే చిన్న మిషను. ఆరు నెలలు. రోజుకు ఆరు గంటలు. గీరి గీరి తీసేశాడు, వెంట్రుకవాసిని, చర్మానికి అంటుకున్న రంగును రాయితో రుద్దినట్టు. తీసేశాక పని దొరికింది, అది దాచాల్సిన సంగతి కాదు, పందొమ్మిదేళ్లు దొరికింది, బెంగళూరు హోటళ్లు, ఆ తర్వాత మస్కట్, దోహా, నల్ల కోటు, అద్దాల లిఫ్టు, భోజనం చేసేవాళ్ల మాటలకు అడ్డం రాకుండా వాయించే ముగ్గురు. మీరు గడియారం సార్, అనేవాడు పియానో అతను, మెచ్చుకోలుగానే. ప్రొద్దుటూరులో రెండు గదుల ఇల్లు ఆ గడియారం కట్టిందే. నాయన ఆపరేషను ఆ గడియారం చేయించిందే. ఒకసారి సెలవులో వచ్చి బెంగళూరులో వారం వాయించినప్పుడు డెరిక్ అంకుల్ వచ్చాడు వినడానికి, కర్ర పట్టుకుని, నిమ్మకాయ సోడా తెప్పించుకుని రెండు గంటలు కూర్చున్నాడు. అయిపోయాక దగ్గరికొచ్చి భుజం తట్టి, చక్కగా ఉంది బాబూ, అన్నాడు. టేబుల్ మీద పూలు సర్దిన అమ్మాయికి కూడా పోతూ పోతూ అదే చెప్పాడు, చక్కగా ఉంది. అంతే. తర్వాత కరోనా కాలం వచ్చింది, హోటళ్లు మూశారు, తెరిచాక ముగ్గురి చోట తనంతట తానే వాయించే చిన్న పెట్టె ఒకటి పెట్టుకున్నారు, గడియారం కావాలంటే పెట్టెకు మించిన గడియారం ఉందా? ఇంటికొచ్చాడు. డబ్బాల సార్ అయ్యాడు.

సాజియా మొదట్లో టీ తెచ్చేది. గ్లాసు పెట్టి పోకుండా నిలబడేది. ఒక రోజు జేజి పక్కన కూర్చుని కట్టెలతో దూది కొడుతుంటే విన్నాడు, ఇద్దరూ ఒకేసారి కొట్టట్లేదు, జేజి కొట్టిన దూది కూర్చునేలోపల పిల్ల కొడుతోంది, ఆ ఒకే ఒక్క చోట. ఇక్బాల్ టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. రామ్మా, ఈ స్టూలు మీద కూర్చో, అన్నాడు. ఏడాదికి పైగా ఆ పిల్ల ఏం వాయించినా ఏమీ అనలేదు, తప్పనలేదు, ఒప్పనలేదు, వారంలో ఆ ఒక్క గంట కోసం మిగతా గంటలు లాగేవాడు, అంతే, వినేవాడు, పిల్లకు మాత్రం చెప్పలేదు, నీ దగ్గర ఉన్నది ఏమిటో. ఎందుకు చెప్పలేదు? చెప్తే దాని పేరు చెప్పాలి. ఎనిమిది నెలల కింద కాలేజీ నోటీసు వచ్చింది. ఆ రోజే స్పీకరు కొన్నాడు, క్లిక్ పెట్టాడు, పిల్ల మొదటి పది దెబ్బలు కొట్టగానే నోటి నుంచి ఊడిపడింది, తప్పు, లేటవుతున్నావ్, ముందుకు రా. అద్దం అవతల కుర్రాడి గొంతు అది, తన గొంతు కాదు, కానీ తన నోరే. పిల్ల ముందుకు వచ్చింది. చెప్పింది చెప్పినట్టు నేర్చుకునే పిల్ల. ఎనిమిది నెలల్లో రెండో టేకు అంత శుద్ధంగా తయారైంది, తను ఆరు నెలల్లో అయినట్టే.

"ఏంది నీ బాధ, చెప్పు, ముద్దనూరు వచ్చేలోపల అయిపోతాది," అంది గురవమ్మ. అతను ఫోను తీసి రెండు వీడియోలూ చూపించాడు, ఎందుకు చూపించాడో, బస్సు చప్పుడులో స్పీకరు చెవి దగ్గర పెట్టి. ఆమె శ్రద్ధగా చూసింది, చీనీ తొనలు నములుతూ, ముందు రెండో టేకు మొత్తం, తర్వాత ఏడోది మొత్తం, మాబున్ని మాట దగ్గర కిసుక్కుమని నవ్వింది కూడా.

"ఒకటే పంపాలమ్మా. ఏది పంపాల?"

"మొదట చూపిచ్చిందే. దీంట్లో కరెంటు పాయె గదప్పా, పిల్ల మొగమే కనపళ్ల్యా. మొగం కనపడకపోతే సీటు ఎవురికని ఇస్తారు?"

"మొగం కాదు, వాయించేది. చప్పుడు."

"చప్పుడా?" గురవమ్మ కిటికీ వైపు చూసి ఆలోచించింది. "చప్పుడైతే ఇదే. దీనికి నా తలకాయ ఊగె. కానీ నా తలకాయ ఊగితే సీటు ఇస్తారా వాళ్లు?"

అదే కదా. కాలేజీ ఆఫీసుకు పొద్దున ఫోను చేశాడు, ఒకామె చాలా మర్యాదగా, క్లిక్ మధ్యలో ఆగితే మొదటి వడపోతలో పక్కన పెట్టొచ్చు సార్, పెట్టకపోవచ్చు, వినేవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి, మేము చెప్పలేం, అంది. ఎంతమంది పంపుతున్నారమ్మా అంటే, డ్రమ్ములకు నాలుగు వందల పైన సార్, సీట్లు రెండు, అంది. నాలుగు వందల గడియారాలు. వాటిలో రెండో టేకు మిగతా మూడు వందల తొంభైతొమ్మిదింటిలాగానే ఉంటుంది, తప్పు లేదు, వంక పెట్టడానికి ఏమీ లేదు, అందుకే గుర్తుపెట్టుకోవడానికీ ఏమీ లేదేమో. ఏడో టేకును నలభై ఒకటో సెకను దగ్గర ఎవరో గుమాస్తా క్లిక్ ఆగిందని మూసేయొచ్చు, అసలు సంగతి మొదలయ్యేది నలభై ఆరో సెకను దగ్గర. అయిదు సెకన్లు. ఆ అయిదు సెకన్లు చెన్నైలో ఎవరి చేతిలో ఉన్నాయో. ఇంకో డెరిక్ అంకుల్ ఉన్నాడేమో ఆ గదిలో, కప్పు కింద పెట్టి ఉండు అంటాడేమో. అనకపోతే? అనకపోతే ఆ పరుపుల మధ్య జాగాలో మిషను. ఇంతకీ ఇది పిల్ల కోసమా, తన కోసమా? తను ఇరవై ఏడేళ్ల కింద చెప్పలేని మాటను ఇప్పుడు ఆ పిల్ల చేతులతో చెప్పించి, ఆ పిల్ల సీటుతో ఖరీదు కట్టాలనా? అట్లా అయితే రెండోదే పంపాలి, నోరు మూసుకుని. లేకపోతే రెండోది పంపడం కూడా తన కోసమేనా, తను చేసుకున్నది సరైనదే అనిపించుకోవడానికి, నేను బతకలేదా, నువ్వూ అట్లాగే బతుకు అని? ఏ వైపు తిప్పినా తనే కనపడుతున్నాడు, పిల్ల కనపడట్లేదు, చీకట్లో మొహం నిజంగానే కనపడట్లేదు.

ముద్దనూరు. గురవమ్మ దిగుతూ ఒక చీనీకాయ అతని ఒళ్లో పడేసి, "ఏదో ఒకటి నొక్కప్పా, టైమైపోతాంది, ఆలోచిస్తాంటే రెండూ పోతాయి," అని సంచి నెత్తికెత్తుకుంది. డ్రైవరు టీకి దిగాడు. సిగ్నలు నిండుగా వచ్చింది. పదకొండూ నలభై. పేజీ తెరిచాడు, అంతా పొద్దున నింపినట్టే ఉంది, వీడియో ఎంచుకోండి. బొటనవేలు ఫోను మీద తడుతోంది, టక్, టక టక్. ఫోను మోగింది, కమాల్ బాషా నంబరు, ఎత్తి, పంపినాలేప్పా అనబోయాడు.

"సార్, నేను," అంది సాజియా, గొంతు చాలా చిన్నగా, బొంగురుగా, పరుపుల మధ్య నుంచి మాట్లాడుతోందని తెలిసిపోయింది. "నాయన టీకి పోయినాడు. పంపలేదు గదా మీరు?"

"ఎట్ల తెలుసు?"

"మెసేజ్ రాలేదు. రెండోది పంపేదానికి ఇంతసేపు పట్టదు సార్. ఏడోది చూస్తాంటారు అనుకుంటి."

 బస్సులో ఎవరో పల్లీలు కొంటున్నారు.

"సార్, ఒకటి అడుగుతా. ఏడోదాంట్లో నేను కొట్టింది తప్పా?"

 ఇక్బాల్ కళ్ల ముందు, విల్లు కింద కూర్చున్న మనిషి ముక్కుకు గుడ్డ కట్టుకుని చూస్తున్నాడు. "తప్పు కాదు," అన్నాడు. "తప్పు కాదమ్మా. అది... మా జేజినాయన దూది ఏకేటప్పుడు అట్లనే కొట్టేవాడు. మీ జేజి గూడా అట్లనే కొడతాది. నాకు మొదట్నుంచీ తెలుసు."

అవతల మిషను చప్పుడు.

"మరి ఎనిమిది నెల్లు తప్పని ఎందుకంటిరి సార్?"

చెప్పడానికి నోరు తెరిచాడు. స్టూడియో, ఆరో తరగతి, హోటళ్లు, ఇల్లు, నాయన ఆపరేషను, అన్నీ ఒకేసారి నోటి దగ్గరికొచ్చి ఒకటి కూడా బయటికి రాలేదు.

"సరే లే సార్," అంది పిల్ల. కోపం ఉందో లేదో తెలియట్లేదు. "ఏడోది చూస్తాంటే నాకే నేను కొత్తగా ఉండా. మీరు నాయన ఫోనుకు పంపిందాన్ని రాత్రి నాలుగుసార్లు చూసినా. కానీ సార్, నాకు సీటు కావాల. శానా కావాల. నేను ఆ మిషను ముందర కూచోలేను. ఏది పంపితే వస్తాదో మీకే తెలుసు, నేర్పింది మీరు గదా సార్. నాయన వస్తాండాడు." పెట్టేసింది.

డ్రైవరు ఎక్కాడు, తలుపు కొట్టారు, ఇంజను లేచింది. పదకొండూ నలభై తొమ్మిది. ఊరు దాటితే ఈ దారిలో జమ్మలమడుగు దాకా సిగ్నలు ఉండదు, అక్కడికి పన్నెండు దాటుతుంది. తెర మీద పక్కపక్కన రెండు చిన్న బొమ్మలు, ఒకటి వెలుతురులో స్టిక్కులు ఎత్తిన పిల్ల, ఇంకొకటి దాదాపు నలుపు. నాకు తెలుసు అన్నాడు, మొదటిసారి నోరు విప్పి చెప్పాడు, దాని తర్వాత ఇప్పుడు ఏది నొక్కినా ఆ పిల్లకు అది జవాబు అవుతుంది. రెండోది నొక్కితే తెలిసీ దాచమన్నట్టు. ఏడోది నొక్కితే తెలిసీ పందెం కాసినట్టు, పిల్ల బతుకు మీద. ఊరి చివరి ఇళ్లు వెనక్కి పోతున్నాయి, సిగ్నలు గీతలు నాలుగు, మూడు. ఆ ఫోను మీ చేతిలో ఉందనుకోండి, అటు పరుపుల మధ్య ఆ పిల్ల నిలబడి ఉంది, గుమాస్తా ఎవరో మీకు తెలియదు, వినేవాళ్లు ఎవరో తెలియదు, గీతలు రెండయ్యాయి. మీరైతే ఏది పంపుతారు?